బీ అమ్మ: కన్నబిడ్డలను తన కోసం దాచుకోని తల్లి

భారత స్వాతంత్ర్య సమరంలో అలీ సోదరుల పేరు వినని ముస్లిం కుటుంబం అరుదు. మౌలానా షౌకత్ అలీ, మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ ఖిలాఫత్ ఉద్యమానికి రెండు కళ్లలాంటి వారు. అయితే ఆ ఇద్దరినీ తీర్చిదిద్దిన తల్లి గురించి మన ఇళ్లలో చెప్పుకునేది తక్కువ. ఆమె అసలు పేరు ఆబాదీ బానో బేగం. పిల్లలు ఆమెను బీ అమ్మ అని పిలిచేవారు. పిల్లల నోట పుట్టిన ఆ పిలుపు కాలక్రమంలో దేశమంతటికీ పిలుపైంది. పెషావరు నుంచి మద్రాసు దాకా, హిందువులూ ముస్లిములూ తేడా లేకుండా, ఆమెను అదే పేరుతో తలచుకున్నారు.

బీ అమ్మ బడికి వెళ్లి చదువుకున్న మనిషి కాదు. చేతిలో అధికారం లేదు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న పరదా స్త్రీ. అలాంటి ఇల్లాలు 1924 నవంబరులో కన్నుమూసినప్పుడు గాంధీజీ ఆమె మంచం పక్కన నిలబడ్డారు. ఇది జరిగి నూరేళ్లు దాటింది. ఆ ఇంటి నాలుగు గోడల నుంచి అంత దూరం ఆమెను నడిపించిందేమిటో తెలుసుకోవడం తల్లులకూ, తల్లుల చేతుల్లో పెరుగుతున్న బిడ్డలకూ మేలు చేస్తుంది.

1857 నీడలో

ఆబాదీ బానో 1850 ప్రాంతంలో ఉత్తర భారతంలోని అమ్రోహాలో జన్మించారు. ఊహ తెలిసీ తెలియని వయసులో 1857 తిరుగుబాటు వచ్చింది. ఆ తిరుగుబాటును అణచివేసిన తర్వాత ఆంగ్లేయులు తీర్చుకున్న పగకు ఆమె పుట్టింటివారు కూడా బలయ్యారు. ప్రాణాలు పోయాయి, ఆస్తులు పోయాయి. ఇంటి పెద్దలు ఈ సంగతులు గొంతు తగ్గించి చెప్పుకుంటుంటే విని పెరిగిన పిల్ల ఆమె. తర్వాతి కాలంలో తెల్లదొరల మాటంటే ఆమెకు భయం లేకపోవడానికి, నమ్మకం కూడా లేకపోవడానికి మూలం అక్కడే ఉంది.

ఆమెను రాంపూర్ సంస్థానంలో ఉద్యోగి అయిన అబ్దుల్ అలీ ఖాన్‌కు ఇచ్చి నికాహ్ చేశారు. విచిత్రమేమిటంటే రాంపూర్ నవాబు 1857లో ఆంగ్లేయుల పక్షాన నిలిచినవాడు. పుట్టింట్లో ఆ ఏడాది చేసిన గాయం, మెట్టినింట్లో అదే ఏడాది తెచ్చిన హోదా. ఈ రెండింటి మధ్య ఆమె కాపురం సాగింది. అల్లాహ్ ఆ దంపతులకు అయిదుగురు కొడుకులను, ఒక కూతురిని ప్రసాదించాడు. అందరికంటే చిన్నవాడు ముహమ్మద్ అలీ. 1878 డిసెంబరు 10న జన్మించాడు. అతని కంటే అయిదేళ్లు పెద్దవాడు షౌకత్ అలీ.

చిన్నవాడికి సరిగ్గా రెండేళ్లు కూడా నిండకముందే ఆ ఇంటి మీద పిడుగు పడింది. కలరా సోకి అబ్దుల్ అలీ ఖాన్ మరణించారు. ఆయన చనిపోయేనాటికి ఆబాదీ బానో వయసు ముప్పై లోపే. ఆరుగురు పిల్లలు, భర్త వదిలి వెళ్లిన బాకీలు, బంధువుల చేతుల్లో ఉన్న ఆస్తి వ్యవహారాలు ఆమె ముందు నిలిచాయి.

ఇద్దత్ గడిచిన తర్వాత మళ్లీ నికాహ్ చేసుకోమని అయినవాళ్లు సలహా ఇచ్చారు. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవడం ఇస్లాంలో తప్పు కాదు. అది ఆమెకున్న హక్కు. అయినా ఆమె వద్దన్నారు. తన ఆరుగురు పిల్లలకు ఇక తల్లీ తండ్రీ తానేనని నిర్ణయించుకున్నారు. ఆ తర్వాత దాదాపు నలభై అయిదేళ్లు ఆ నిర్ణయానికి కట్టుబడి బతికారు.

తాకట్టుకు వెళ్లిన నగలు

ఆనాటి ఉత్తర భారతంలో పేరున్న ముస్లిం కుటుంబాలు ఇంగ్లీషు చదువంటే ముఖం తిప్పుకునేవి. ఆ చదువు చదివితే పిల్లలు దీన్‌కు దూరమైపోతారని భయం. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అలీగఢ్‌లో విద్యాలయం ప్రారంభించినప్పుడు ఆయన మీద కుఫ్ర్ ఫత్వాలు వచ్చిన కాలమది. ఇంట్లో మౌల్వీ సాబ్ దగ్గర ఖుర్ఆన్, ఫార్సీ, ఉర్దూ నేర్చుకుంటే మర్యాదస్తుల పిల్లలకు అదే చాలనుకునేవారు.

బీ అమ్మ ఆలోచన వేరు. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు, ఖుర్ఆన్ పారాయణం వచ్చు. అంతకు మించి అక్షర జ్ఞానం లేదు. కాని కాలం మారిందని, ఆ మార్పును ఎదుర్కోవాలంటే పిల్లలకు కొత్త చదువు కావాలని ఆమె గ్రహించారు. కొడుకులను బరేలీలోని ఇంగ్లీషు స్కూలుకు పంపాలనుకున్నారు. ఆస్తి వ్యవహారాలు చూస్తున్న భర్త తరఫు పెద్ద దీనికి ఒప్పుకోలేదు. ఒక పిల్లవాడు ఆ దారిన పోతే చాలు, ఇంటిల్లిపాదినీ కాఫిర్లను చేస్తావా అన్న ధోరణిలో మాట్లాడి, డబ్బు ఇవ్వనని తేల్చి చెప్పారు.

ఆమె పెద్దాయనతో గొడవ పడలేదు. కన్నీళ్లు పెట్టుకుని ఊరుకోనూ లేదు. తన ఒంటి మీది నగలు తీసి, పరదా దాటకుండానే పనిమనిషి చేతికిచ్చి, ఎవరికీ తెలియకుండా వడ్డీ వ్యాపారి దగ్గర తాకట్టు పెట్టించారు. ఆ డబ్బుతో కొడుకు బరేలీ వెళ్లాడు. కొంతకాలానికి సంగతి బయటపడింది. నగలు ఏమయ్యాయో తెలుసుకున్న ఆ పెద్దాయన సిగ్గుపడ్డారు. తానే వాటిని విడిపించి తెచ్చి, పిల్లల చదువుకు ఇంటి ఆస్తి నుంచే డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

మన ఇళ్లలో నగలంటే ఆడవాళ్లకు అలంకారం మాత్రమే కాదు. భర్త లేని స్త్రీకి అవే రేపటి ధైర్యం, ఆపదలో అన్నం. ఆ ధైర్యాన్ని ఆమె పిల్లల పలకా బలపాల మీద పెట్టారు. అలాగని దీన్ విషయంలో పట్టు సడలించలేదు. నమాజ్, రోజా, ఖుర్ఆన్ పారాయణం ఇంట్లో తప్పనిసరి. పూర్వపు ముస్లిం వీరుల గాథలు, దైవభక్తుల గాథలు పిల్లలు ఆమె నోటనే విన్నారు. ఇంగ్లీషు చదువుతో బిడ్డలు చెడిపోతారని భయపడ్డవారికి ఆమె ఇచ్చిన సమాధానం ఇదే. బిడ్డలను బడికి పంపారు, ఇంటిని కూడా బడిగా ఉంచారు.

బరేలీ నుంచి పిల్లలు అలీగఢ్ చేరారు. అక్కడ షౌకత్ అలీ క్రికెట్ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. తర్వాత ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగం సంపాదించాడు. ముహమ్మద్ అలీ 1896లో అలహాబాదు విశ్వవిద్యాలయం బి.ఎ. పరీక్షలో మొదటి స్థానంలో నిలిచాడు. అన్న తోడ్పాటుతో 1898లో ఆక్స్‌ఫర్డుకు వెళ్లి చరిత్ర చదివాడు. ఐ.సి.ఎస్. పరీక్షలో నెగ్గలేదు గాని, ఇంగ్లీషు భాష మీద ఆయనకు వచ్చిన పట్టు ఆ తర్వాత ఆంగ్లేయ ప్రభుత్వాన్నే ఇబ్బంది పెట్టింది.

కొడుకులతో పాటు నిర్బంధం

ఆ తల్లి ఇక సుఖపడవచ్చు. ఒక కొడుకు సర్కారు ఉద్యోగి, మరొకడు ఆక్స్‌ఫర్డు పట్టభద్రుడు. మనుమలు, మనుమరాళ్లు ఇంట తిరుగుతున్నారు. కాని కొడుకుల మనసు ఉద్యోగాల్లో నిలవలేదు. ముహమ్మద్ అలీ 1911లో కలకత్తా నుంచి కామ్రేడ్ అనే ఇంగ్లీషు వారపత్రిక ప్రారంభించారు. తర్వాత ఢిల్లీకి మకాం మార్చి, 1913లో హమ్‌దర్ద్ అనే ఉర్దూ పత్రిక కూడా తెచ్చారు. షౌకత్ అలీ ఉద్యోగం వదిలి సమాజ సేవలోకి వచ్చారు.

1914లో ప్రపంచయుద్ధం మొదలైంది. తుర్కీ పరిస్థితి గురించి కామ్రేడ్‌లో రాసిన వ్యాసం సర్కారుకు కంటగింపైంది. పత్రిక జామీను జప్తు చేశారు. 1915 మే నెలలో అన్నదమ్ములిద్దరినీ నిర్బంధంలోకి తీసుకున్నారు. మొదట ఢిల్లీ పక్కనున్న మెహ్రౌలీ, తర్వాత కొండ మీది లాన్స్‌డౌన్, ఆ తర్వాత మధ్య పరగణాలలోని ఛింద్వాడా.

బీ అమ్మకు అప్పటికి అరవై దాటాయి. ఆ వయసు తల్లులు రాంపూర్‌లోనే ఉండిపోయి దుఆ చేస్తూ కూర్చున్నా ఎవరూ తప్పు పట్టరు. ఆమె మాత్రం కొడుకులు ఉన్న చోటే తన ఇల్లు అన్నారు. అలవాటు లేని ఊళ్లో, పోలీసుల కళ్ల ముందు, వచ్చేపోయే ఉత్తరాలన్నీ ఎవరో విప్పి చదువుతుండగా, ఆమె కొడుకులతో కాలం గడిపారు. ముహమ్మద్ అలీ ఖుర్ఆన్‌ను అర్థంతో సహా లోతుగా చదివింది ఆ నిర్బంధ కాలంలోనే. చిన్నప్పుడు తల్లి నాటిన విత్తనం నలభై ఏళ్ల వయసులో మొలకెత్తింది.

1917లో ఒక పరీక్ష ఎదురైంది. హోంరూల్ నాయకురాలు అనీబిసెంట్‌ను విడుదల చేసిన సర్కారు, అలీ సోదరులను కూడా వదిలే ఆలోచన చేసింది. అందుకొక షరతు పెట్టింది. యుద్ధం ముగిసేదాకా సర్కారుకు వ్యతిరేకంగా ఏమీ చేయబోమని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ కాగితం పట్టుకుని అధికారి ఛింద్వాడా వచ్చాడు. లోపలి గదిలో పరదా వెనుక నుంచి బీ అమ్మ ఆ మాటలు విన్నారు. తన బిడ్డలు కష్టాల నుంచి తప్పించుకోవడానికి మనస్సాక్షిని అమ్ముకునేటట్లయితే, ముడతలు పడ్డ ఈ చేతులతోనే వాళ్ల గొంతు నులిమే శక్తిని అల్లాహ్ తనకు ఇస్తాడని ఆమె అన్నట్లు చెప్పుకుంటారు.

ఈ మాట వినడానికి కఠినంగా ఉంటుంది. తల్లి నోట ఇలాంటి మాట వస్తుందా అనిపిస్తుంది. కాని ఆ మాట అన్నది ఎవరో గుర్తుంచుకోవాలి. ఆ బిడ్డల కోసం రెండో పెళ్లి కాదన్న మనిషి, నగలు తాకట్టు పెట్టిన మనిషి, వారితో పాటు నిర్బంధానికి వచ్చిన మనిషి. బిడ్డలు ఇంటికి రావాలని ఆమె కంటే ఎక్కువగా కోరుకునేవారు లేరు. అయినా తల వంచుకుని రావడం మాత్రం ఆమెకు ఇష్టం లేదు.

తల్లి మొదటి ఉపన్యాసం

ఆ ఏడాదే ముస్లిం లీగ్ తన వార్షిక మహాసభకు ముహమ్మద్ అలీని అధ్యక్షుడిగా ఎన్నుకుంది. అధ్యక్షుడు నిర్బంధంలో ఉన్నాడు. 1917 డిసెంబరులో కలకత్తాలో జరిగిన ఆ మహాసభకు కొడుకు బదులు తల్లి వెళ్లారు. బురఖా ధరించి వేల మంది మగవారి ముందు నిలబడి మాట్లాడారు. జీవితంలో ఏనాడూ సభ ముఖం చూడని స్త్రీ చేసిన ఆ ప్రసంగం విని ఎందరో కంటతడి పెట్టారు. అనీబిసెంట్ అధ్యక్షతన అదే నగరంలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు కూడా ఆమె హాజరయ్యారు.

1919 డిసెంబరులో అలీ సోదరులు విడుదలయ్యారు. నాలుగున్నరేళ్ల నిర్బంధం ముగిసింది. వారు నేరుగా అమృతసర్‌లో జరుగుతున్న కాంగ్రెస్, ఖిలాఫత్ సభలకు వెళ్లారు. ఆ తర్వాతి ఏడాది గాంధీజీతో కలిసి సహాయ నిరాకరణ ఉద్యమంలోకి దిగారు. అలీగఢ్‌లో 1920 అక్టోబరులో జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. ముహమ్మద్ అలీ దానికి తొలి ఉపకులపతి. నగలు తాకట్టు పెట్టి చదివించిన బిడ్డ ఇప్పుడు సమాజం బిడ్డల కోసం విద్యాలయం నడిపే స్థితికి వచ్చాడు.

వాల్తేరు స్టేషన్‌లో

ఈ కథలో మన తెలుగు నేలకూ ఒక భాగం ఉంది. 1921 జులైలో కరాచీలో జరిగిన ఖిలాఫత్ మహాసభ, ఆంగ్లేయుల సైన్యంలో పనిచేయడం ముస్లిములకు తగదని తీర్మానించింది. ఆ తీర్మానం సర్కారును కలవరపెట్టింది. సెప్టెంబరులో గాంధీజీ, ముహమ్మద్ అలీ కలిసి కలకత్తా నుంచి మద్రాసుకు రైలులో బయలుదేరారు. ముహమ్మద్ అలీ భార్య అమ్జదీ బేగం కూడా వెంట ఉన్నారు. సెప్టెంబరు 14న రైలు వాల్తేరులో ఆగింది. స్టేషన్ బయట గుమిగూడిన జనంతో మాట్లాడటానికి వారు నడిచి వెళుతుండగా పోలీసులు వచ్చి ముహమ్మద్ అలీని అరెస్టు చేశారు. భర్తను కాసేపు చూసి, అమ్జదీ బేగం చెదరని ముఖంతో తిరిగి రైలెక్కి మద్రాసు ప్రయాణం సాగించారు. ఆమె ధైర్యాన్ని గాంధీజీ తన పత్రికలో ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఆ ప్రయాణంలోనే, సెప్టెంబరు 22న మదురైలో, గాంధీజీ కొల్లాయి గుడ్డ కట్టడం మొదలుపెట్టారు.

అత్తగారి ధైర్యం కోడలికి అబ్బిందనడానికి వాల్తేరు స్టేషన్ సాక్ష్యం. షౌకత్ అలీని కూడా అదే వారంలో అరెస్టు చేశారు. కరాచీలోని ఖాలిఖ్‌దినా హాలులో విచారణ జరిగింది. మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ, డాక్టర్ సైఫుద్దీన్ కిచ్లూ, శారదా పీఠం శంకరాచార్యులు వంటివారు కూడా ఆ కేసులో నిందితులు. శంకరాచార్యులను విడిచిపెట్టి, అన్నదమ్ములిద్దరికీ మిగిలినవారికీ 1921 నవంబరు 1న రెండేళ్ల కఠిన కారాగార శిక్ష విధించారు.

కొడుకులు జైలుకు వెళ్లగానే తల్లి ఇల్లు వదిలి ఊళ్లు పట్టారు. డెబ్బై ఏళ్ల వయసులో, కోడలు అమ్జదీ బేగంను వెంటబెట్టుకుని, ఊరూరా సభల్లో మాట్లాడారు. విదేశీ గుడ్డలు వదిలి ఖద్దరు కట్టమన్నారు. హిందువులూ ముస్లిములూ ఒక్కటిగా ఉండమన్నారు. ఖిలాఫత్ నిధికి జోలె పట్టారు. పంజాబులో ఒక సభలో ఆమె ముఖం మీది ముసుగు తొలగించి మాట్లాడారు. ఎదుట ఉన్నవాళ్లంతా తనకు షౌకత్, ముహమ్మద్ లాంటి కొడుకులేననీ, కొడుకుల ముందు తల్లికి ముసుగెందుకనీ ఆమె భావం. ఇది పరదాను తక్కువ చేసే మాట కాదు. జీవితమంతా పరదాలో గడిపిన మనిషి, దేశాన్ని తన ఇంటిగా చేసుకున్న తీరు అది. ఆ డిసెంబరులో అహ్మదాబాదులో జరిగిన అఖిల భారత మహిళా సభకు ఆమే అధ్యక్షత వహించారు.

ఆ రోజుల్లో ఖిలాఫత్ కోసం ప్రాణమైనా ఇవ్వమని ముహమ్మద్ అలీకి తల్లి చెబుతున్నట్లు కట్టిన ఉర్దూ పాట ఒకటి వీధుల్లో, ఇళ్లలో, పిల్లల నోళ్లలో మార్మోగింది. పాట సులభంగా పాడుకోవచ్చు. అందులో ఉన్న తల్లి మాత్రం నిజంగానే ఇద్దరు కొడుకులను జైలులో ఉంచి, రాత్రుళ్లు ముసల్లా మీద కూర్చునేది.

మనుమరాలి మరణం, చివరి నవంబరు

1923 ఆగస్టులో ముహమ్మద్ అలీ విడుదలయ్యారు. అదే ఏడాది డిసెంబరులో కాకినాడలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. అక్కడే జరిగిన ఖిలాఫత్ మహాసభకు షౌకత్ అలీ అధ్యక్షుడు. ఒక తల్లి కన్న ఇద్దరు కొడుకులు ఒకే ఊళ్లో రెండు మహాసభలకు అధ్యక్షులు కావడం మన కాకినాడ కళ్లారా చూసింది.

బయట ఇంత గౌరవం లభిస్తున్న ఆ రోజుల్లో ఇంట్లో దుఃఖం గూడు కట్టుకుంది. ముహమ్మద్ అలీకి కొడుకులు లేరు, నలుగురూ ఆడపిల్లలే. తండ్రి జైలులో ఉండగా ఆ పిల్లల్లో ఒకరైన ఆమినా క్షయవ్యాధితో మంచం పట్టింది. దగ్గర కూర్చోలేని తండ్రి బాధ ఆయన జైలులో రాసిన కవితల్లోకి ఒలికింది. ఆయన విడుదలై వచ్చాక కూడా ఆ అమ్మాయి ఎంతో కాలం నిలవలేదు. 1924లో ఆమినా మరణించింది. కొడుకులను దేశానికి ఇచ్చిన నాయనమ్మ, ఆ త్యాగానికి మనుమరాళ్లు చెల్లించిన వెల కూడా చూడవలసి వచ్చింది. తండ్రి పక్కన లేకుండా గడిచిన ఆ బిడ్డ రోజులను ఎవరూ తిరిగి తెచ్చివ్వలేరు. ఉద్యమాల చరిత్రలో ఈ లెక్కలు రాయరు. ఇంటి ఆడవాళ్ల గుండెల్లోనే అవి మిగిలిపోతాయి.

ఆ ఏడాదే తుర్కీలో ఖిలాఫత్‌ను రద్దు చేశారు. దేశంలో అక్కడక్కడా హిందూ ముస్లిం ఘర్షణలు చెలరేగాయి. బీ అమ్మ ఊరూరా తిరిగి కోరిన రెండూ చెదిరిపోతున్నట్లు కనిపించింది. ఆ ఘర్షణలకు మనసు నొచ్చుకుని గాంధీజీ సెప్టెంబరులో ఢిల్లీలో ముహమ్మద్ అలీ ఇంట్లోనే 21 రోజుల ఉపవాసం ప్రారంభించారు. దీక్ష ముగిసిన కొద్ది వారాలకు, నవంబరు 12 రాత్రి దాటాక, బీ అమ్మ తుదిశ్వాస విడిచారు. గాంధీజీ, సరోజినీ నాయుడు ఆ సమయంలో అక్కడికి వచ్చారు. ఆ ఇంట్లో గుండెలు బాదుకునే ఏడుపు వినిపించలేదు. ముహమ్మద్ అలీ చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి, షౌకత్ అలీ కష్టం మీద నిగ్రహించుకుంటున్నారు, చుట్టూ ఉన్నవారంతా అల్లాహ్ నామం స్మరిస్తున్నారు. పక్కనే ఉన్న పత్రికల ప్రెస్సు పని కూడా ఆగలేదు. తల్లి నేర్పిన సబ్ర్ అంటే ఏమిటో బిడ్డలు ఆ రాత్రి చూపించారు. తన కఫన్ కూడా ఖద్దరుదే కావాలని ఆమె ముందుగానే చెప్పి ఉంచారు. అలాగే జరిగింది.

కొడుకులు తర్వాత కూడా తల్లి దారి విడవలేదు. ముహమ్మద్ అలీ 1931 జనవరి 4న లండనులో రౌండ్ టేబుల్ సమావేశాల సమయంలో మరణించి, బైతుల్ మఖ్దిస్‌లో ఖననమయ్యారు. షౌకత్ అలీ 1938 నవంబరులో ఢిల్లీలో కన్నుమూశారు.

బీ అమ్మ జీవితం నుంచి మన ఇళ్లు నేర్చుకోవలసింది ఉద్యమాల గురించి మాత్రమే కాదు. బిడ్డల మీద ప్రేమ అంటే వారిని కష్టం తగలకుండా దాచుకోవడమేనని చాలామంది అనుకుంటాం. ఆడపిల్ల దూరపు కాలేజీకి వెళతానంటే భయం, మగపిల్లవాడు నిజం మాట్లాడి ఉద్యోగం పోగొట్టుకుంటాడేమోనని భయం. బీ అమ్మకు కూడా భయం ఉండే ఉంటుంది. ఆరుగురు పిల్లలతో మిగిలిన వితంతువుకు భయం తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ భయాన్ని ఆమె అల్లాహ్‌కు అప్పగించి, బిడ్డల చేతికి చదువునూ, నోటికి సత్యాన్నీ ఇచ్చారు. బిడ్డలు అల్లాహ్ ఇచ్చిన అమానత్ అని మనమంతా అంటాం. అమానత్‌ను పెట్టెలో పెట్టి తాళం వేయడం ఒక పద్ధతి. ఎవరికి చెందాలో వారికి చేర్చడం మరో పద్ధతి. బీ అమ్మ రెండోది ఎంచుకున్నారు.

అల్లాహ్ ఆ తల్లి సమాధిని కాంతితో నింపుగాక. మన తల్లులకూ ఆ మనోబలాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.